మిగిలిన కూరకి గడువెంత?

ఆదివారం వండిన కోడికూర బుధవారం తినొచ్చా? వాసన బాగానే ఉంటే ఫర్వాలేదా? మళ్లీ మరిగిస్తే సరిపోతుందా? ఫ్రిజ్‌ ఉన్న ప్రతి ఇంట్లోనూ రోజూ తలెత్తే ప్రశ్నలే ఇవి. జవాబు మాత్రం ఇంటికొకటి! అసలు లెక్కేమిటో చూద్దాం.

రాత్రి పదిన్నర. స్టీల్‌ప్లాంట్‌లో బి షిఫ్టు వదిలి అరగంటైంది. కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా రోడ్డంతా బైకుల వెలుగులే. వాళ్లు ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. డైనింగ్‌ టేబుల్‌ మీద మూతపెట్టిన గిన్నెలు ఎదురుచూస్తుంటాయి. మధ్యాహ్నం పన్నెండింటికి వండిన అన్నం, కూర, చారు. ఆయన తినగా మిగిలింది డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేస్తే ఆ ఇల్లాలికి కూడా ఆ రోజు డ్యూటీ దిగినట్టే. ‘ఫ్రిజ్‌లో పెట్టేశాంగా... రెండ్రోజులు ఢోకా లేదు’ అన్నది ధీమా.

తిరకాసంతా ఆ ధీమాలోనే ఉంది. ఆ కూర ఫ్రిజ్‌లోకి వెళ్లింది రాత్రి పదకొండింటికి. పొయ్యి మీంచి దిగింది మధ్యాహ్నం పన్నెండింటికి. మధ్యలో పదకొండు గంటలు అది వంటింటి ఉక్కపోతలోనే ఉంది. మనం రోజులు లెక్కపెట్టేది ఫ్రిజ్‌ తలుపు వేసినప్పటి నుంచి. సూక్ష్మజీవులు లెక్కపెట్టుకునేది మాత్రం స్టవ్‌ కట్టేసినప్పటి నుంచి! ‘మిగిలింది ఎన్నాళ్లు తినొచ్చు’ అన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది అక్కడి నుంచే.

ఫ్రిజ్‌ చేసేదేంటి?

మనదేశంలో గోద్రెజ్‌ కంపెనీ తొలి దేశీయ ఫ్రిజ్‌ని 1958లో తయారుచేసింది. అప్పట్లో అది కలవారింటి వస్తువు. ఇప్పుడు గాజువాకలో ఒంటిగది అద్దె ఇంట్లోనూ ఓ మూల సింగిల్‌ డోర్‌ ఫ్రిజ్‌ కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా వాడుతున్నా దాని గురించి ఓ అపోహ మాత్రం మనల్ని వదల్లేదు. అందులో పెట్టింది ‘పాడవదు’ అని.

ఫ్రిజ్‌ సూక్ష్మజీవుల్ని చంపదు. జోగేలా చేస్తుంది, అంతే. ఆహారంలో చేరే బ్యాక్టీరియాకి 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌ మధ్య ఉండే వేడి చాలా ఇష్టం. ఆహార నిపుణులు దీన్ని ప్రమాదకర మండలం అంటారు. 60 దాటితే అవి పెరగలేవు. 5 కన్నా తక్కువైతే చాలా నెమ్మదిగా పెరుగుతాయి. ఆ రెండింటి మధ్యా దొరికిందా... పండగే!

ఎంత పండగో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. అనువైన వేడిలో కొన్ని రకాల బ్యాక్టీరియా దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అంటే ఒక్కటి గంటలో 8 అవుతుంది. రెండు గంటల్లో 64. నాలుగు గంటల్లో 4,096. ఆరు గంటలకి 2,62,144. ఎనిమిది గంటలు గడిస్తే కోటీ 67 లక్షల పైమాటే! నిజానికి ఏ గిన్నెలోనూ ఇంత కచ్చితంగా జరగదు. కానీ పోకడ మాత్రం ఇదే. మొదటి రెండు గంటల్లో పెద్దగా తేడా కనిపించదు. అసలు దెబ్బంతా ఆ తర్వాతే. అలా పెరిగాక ఫ్రిజ్‌లో పెడితే పెరిగినవన్నీ అక్కడే ఉంటాయి, కాకపోతే చల్లగా ఉంటాయి.

రెండు గంటలు కాదు... గంటే!

వండిన ఆహారాన్ని గది వేడిలో 2 గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ 2001లో ప్రచారంలోకి తెచ్చిన ‘ఆహార భద్రతకు అయిదు సూత్రాల్లో’ ఇదీ ఒక భాగం. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేదీ ఇదే. కాకపోతే అది ఇంకో మాట కలుపుతుంది. బయటి వేడి 32 డిగ్రీలు దాటితే 2 గంటలు కాదు, గంటే గడువని!

విశాఖలో ఏప్రిల్‌, మే నెలలెలా ఉంటాయో కొత్తగా చెప్పక్కర్లేదు. సముద్రపు తేమకి తోడు వంటింట్లో స్టవ్‌ వేడి, వెనకనుంచి ఫ్రిజ్‌ వదిలే వేడి. ఇక్కడి ఇరుకు వంటిళ్లలో ఎండాకాలం మధ్యాహ్నం 32 దాటడం ఓ లెక్కా? అంటే పుస్తకాల్లో ఉండే 2 గంటల నియమం గాజువాక వంటింట్లోకి వచ్చేసరికి ఏడాదిలో చాలా రోజులు గంట నియమంగా మారిపోతుందన్నమాట.

మరి షిఫ్టు డ్యూటీల ఇళ్ల సంగతేంటి? ఉదయం 6 నుంచి 2 దాకా ఎ షిఫ్టు, 2 నుంచి 10 దాకా బి షిఫ్టు, 10 నుంచి తెల్లారి 6 దాకా సి షిఫ్టు. ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని తినడం కుదరని పని. దీనికో తేలిక మార్గముంది. వండగానే రాత్రికి కావలసింది విడిగా తీసేయడం. అందరూ గరిటె పెట్టి కలిపాక మిగిలింది దాచడం కాదు. ముందే తీసిన భాగాన్ని చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే ఆయన వచ్చాక బయటికి తీసి బాగా మరిగించొచ్చు. వంట మారదు, పని పెరగదు. మారేదల్లా దాచే వేళ.

‘వేడి గిన్నె పెడితే ఫ్రిజ్‌ పాడైపోతుంది’ అనే భయం చాలామందిలో ఉంది. అందుకే పూర్తిగా చల్లారేదాకా ఆగుతారు. సెగలు కక్కే పెద్ద తపేలాని పెడితే పక్కనున్న పాలూ పెరుగూ వేడెక్కే మాట నిజమే. అలాగని రాత్రంతా బయట వదిలేయడం అంతకన్నా ప్రమాదం. కూరని లోతు తక్కువ ఉన్న రెండు మూడు డబ్బాల్లోకి సర్దండి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి వాటిని అందులో ఉంచండి. అరగంటలో గోరువెచ్చగా అవుతుంది. అప్పుడు మూతపెట్టి లోపల పెట్టేయొచ్చు.

పెద్ద గిన్నెలతో ఇంకో చిక్కుంది. పైన చల్లారినా మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్‌ అనే బ్యాక్టీరియాకి అదే కావాలి. వండేటప్పుడు దాని బీజాలు చావవు. నెమ్మదిగా చల్లారే మాంసం కూరల్లో, పప్పుల్లో అవి మళ్లీ మొలకెత్తుతాయి. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో మిగిలిన వంటకాల్ని పంచేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలనేది ఇందుకే. ఎంతోమందికి వండిన ఆహారం ఎప్పుడు దిగింది, ఎంతసేపు బయట ఉంది అన్నది తినేవాళ్లకి తెలియదు. అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలోని ఓ వసతిగృహంలో 2024 ఆగస్టులో బయటి నుంచి తెచ్చిన ఆహారం తిన్న పిల్లలు పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. కొందరు చిన్నారులు ప్రాణాలే పోగొట్టుకున్నారు. దానం మంచిదే. కానీ వండిన వేళ చెప్పలేని ఆహారాన్ని పిల్లల పళ్లెంలోకి వెళ్లనివ్వకూడదు.

ముక్కుని నమ్మొచ్చా?

మూత తీయడం, వాసన చూడటం, వేలితో కాస్త నాలిక మీద వేసుకోవడం. తరతరాలుగా మన ఇళ్లలో పరీక్ష ఇదే. ఇందులో సగం న్యాయముంది. వాసన వచ్చిందా, జిగురు సాగిందా, నురగ కట్టిందా... మరో ఆలోచన లేకుండా పారేయాల్సిందే.

వాసన రాకపోతే మంచిదేనా అంటే మాత్రం కాదు. ఆహారాన్ని కుళ్లబెట్టేవి ఒక రకం. మనిషిని జబ్బు చేసేవి ఇంకో రకం. మొదటి రకం వస్తే రంగు, రుచి, వాసన మారతాయి. రెండో రకం చాలాసార్లు చడీచప్పుడూ లేకుండా వస్తుంది. కూర చూడ్డానికి నిన్నటిలాగే ఉంటుంది. ఘుమఘుమలాడుతుంది కూడా. అంటే ముక్కు ‘వద్దు’ అంటే వినాలి. ‘ఫర్వాలేదు’ అంటే మాత్రం తేదీ చూసుకోవాలి. రుచి చూసి తేల్చుకోవడమైతే అసలు పనికిరాదు. కొన్ని విషాలకి ఆ కాస్తే ఎక్కువ.

మరిగిస్తే పోదా?

‘మళ్లీ బాగా కాచేస్తే అన్నీ చస్తాయి’. చాలామంది ధైర్యం ఇది. బాగా మరిగిస్తే బ్యాక్టీరియా చాలావరకూ చచ్చే మాట నిజమే. కానీ కొన్ని చచ్చేలోపే విషాన్ని వదిలిపెట్టి పోతాయి. ఆ విషం మరిగించినా పోదు.

మన ఇళ్లలో దీనికి పెద్ద ఉదాహరణ అన్నమే. బియ్యంలో బాసిల్లస్‌ సీరియస్‌ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. ఉడికించినా వాటిలో కొన్ని బతికే ఉంటాయి. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి సెరూలైడ్‌ అనే విషాన్ని తయారుచేస్తాయి. దాన్ని 121 డిగ్రీల్లో గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. మన ప్రెషర్‌ కుక్కర్‌లో వేడి కూడా అటూ ఇటుగా అంతే. అంటే కుక్కర్లో పెట్టి ఎన్ని కూతలు రానిచ్చినా ఉపయోగం లేదు! బ్రిటన్‌లో 1970ల్లో చైనీస్‌ హోటళ్ల ఫ్రైడ్‌రైస్‌ తిన్నవాళ్లకి వరసగా వాంతులవుతుంటే ఆరా తీశారు. ముందురోజు వండి బయట వదిలేసిన అన్నాన్ని మర్నాడు వేయించడమే కారణమని తేలింది. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున్నే పోపన్నమో నిమ్మకాయ పులిహోరో చేసే మన అలవాటుకి ఇది చాలా దగ్గర.

ఎక్కువమందిలో ఇది ఒక పూట వాంతులతో పోతుంది. అందుకే ‘ఏదో పడలేదు’ అనుకుని మర్చిపోతాం. అరుదుగా మాత్రం ప్రాణం మీదకొస్తుంది. బెల్జియంలో 2008లో ఓ 20 ఏళ్ల విద్యార్థి అయిదు రోజుల క్రితం వండి బయటే ఉంచేసిన స్పగెటీని మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని తిన్నాడు. ఆ రాత్రే చనిపోయాడు. అదే దేశంలో 2003లో జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. ఓ కుటుంబం శుక్రవారం పాస్తా సలాడ్‌ చేసుకుంది. శనివారం విహారానికి తీసుకెళ్లింది. మిగిలింది తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. సోమవారం సాయంత్రం అయిదుగురు పిల్లలూ దాన్నే తిన్నారు. కొన్ని గంటల్లోనే అందరికీ వాంతులు మొదలయ్యాయి. ఏడేళ్ల పాప దక్కలేదు. తర్వాత పరిశోధకులు ఆ ఇంటి ఫ్రిజ్‌ని కొలిస్తే లోపల 14 డిగ్రీలుంది!

ఇలాంటివి చాలా అరుదు, భయపడి అన్నం మానేయక్కర్లేదు. కానీ ఆ తల్లిదండ్రులూ మనలాగే ‘ఫ్రిజ్‌లోనే కదా పెట్టాం’ అనుకున్నారన్నది గుర్తుంచుకోవాలి.

చేపల్లో మరో రకం విషముంది. విశాఖ వాసులకి ప్రియమైన కానాగంతల్లాంటి చేపల్ని ఐస్‌ లేకుండా ఎక్కువసేపు ఉంచితే వాటిలో హిస్టమిన్‌ పుడుతుంది. వండినా, వేయించినా అది పోదు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. చేపల పులుసు మర్నాటికే రుచి అన్నది నిజమే కానీ ఆ రాత్రి అది ఫ్రిజ్‌లో ఉండాలి, పొయ్యి గట్టు మీద కాదు.

రెండా, మూడా, నాలుగా?

ఇక అసలు ప్రశ్న. సమయానికి ఫ్రిజ్‌లో పెడితే ఎన్ని రోజులు? తమాషా ఏంటంటే పెద్ద సంస్థల జవాబులూ ఒక్కటి కావు. అమెరికా వ్యవసాయ శాఖ 3 నుంచి 4 రోజులంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 3 రోజులు దాటొద్దంటుంది. బ్రిటన్‌ ఆహార ప్రమాణాల సంస్థ 2 రోజుల్లో తినేయమంటుంది, అన్నమైతే ఒక్కరోజే.

ఎవరిది నిజం? అందరిదీ. ఎందుకంటే మూడో రోజు రాత్రి 12 గంటలకి కూర ఉన్నట్టుండి విషమైపోదు. రోజు గడిచేకొద్దీ ప్రమాదం కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఎక్కడ ఆపాలన్నది ఒక్కో సంస్థ ఒక్కోచోట గీత గీసింది. పైగా ఈ లెక్కలన్నీ ఆహారాన్ని గంటా రెండు గంటల్లోనే ఫ్రిజ్‌లో పెట్టారని, లోపల 4, 5 డిగ్రీలకు మించి లేదని, మధ్యలో కరెంటు పోలేదని అనుకుని వేసినవి. వాటిలో ఏది తప్పినా గడువు తగ్గుతుంది.

రోజుకి ఇరవైసార్లు తలుపు తీసే ఫ్రిజ్‌, ఎండాకాలం, అప్పుడప్పుడూ కరెంటు కోత... ఇవన్నీ ఉన్న ఇంట్లో రెండు రోజుల గీతే క్షేమం. ఆదివారం మధ్యాహ్నం వండిన కోడికూరని మంగళవారం రాత్రికల్లా ముగించేయాలి. ఫ్రిజ్‌ నిజంగా 4 డిగ్రీల్లో ఉందని కొలిచి చూసుకున్నవాళ్లు మూడో రోజు దాకా వెళ్లొచ్చు. అంతకన్నా ఎక్కువ రోజులు కావాలంటే మొదటిరోజే ఫ్రీజర్‌లోకి.

ఏది ఎన్నాళ్లు?

(వండాక గంటా రెండు గంటల్లోనే ఫ్రిజ్‌లో పెడితేనే ఈ లెక్క)

* అన్నం, పులిహోర, బిర్యానీ, ఫ్రైడ్‌రైస్‌: ఒక్క రోజు. వేడి చేయడం ఒక్కసారే.
* పప్పు, సాంబారు, కూరగాయల కూరలు: 2 రోజులు. ఫ్రిజ్‌ 4 డిగ్రీల్లో ఉంటే 3.
* కోడి, మాంసం, కోడిగుడ్డు కూరలు: 2 రోజులు. ఫ్రిజ్‌ 4 డిగ్రీల్లో ఉంటే 3.
* చేపలు, రొయ్యలు, పీతల వంటకాలు: 2 రోజులు దాటకుండా.
* కొబ్బరి పచ్చడి: ఆ రోజే. టిఫిన్‌ సమయమంతా బయటే ఉంటే మిగిలింది దాచొద్దు.
* పెంకుతో ఉన్న ఉడికించిన గుడ్లు: వారం లోపు.
* ఇడ్లీ, దోసె పిండి: 3, 4 రోజులు. పులుపు పెరగడం సహజమే. రంగు మారినా, బూజు కనిపించినా పారేయాలి.
* తరిగిన పండ్లు: మూతపెట్టి, ఒకటి రెండు రోజులు.
* ఫ్రీజర్‌లో ఉంచిన కూరలు: మైనస్‌ 18 డిగ్రీల్లో పాడవవు. రుచి బాగుండాలంటే 3, 4 నెలల్లో వాడేయాలి. గట్టు మీద కాకుండా కింది అరలో ఉంచి కరిగించాలి.

మీ ఫ్రిజ్‌ చల్లగానే ఉందా?

సింగిల్‌ డోర్‌ ఫ్రిజ్‌లలో చాలావాటికి లోపల ఎన్ని డిగ్రీలుందో చెప్పే ఏర్పాటు ఉండదు. ఓ నాబ్‌, దానిమీద అంకెలు. అవి డిగ్రీలు కావు. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. శీతాకాలంలో తగ్గించిన నాబ్‌ని మేలో కూడా అలాగే వదిలేసే ఇళ్లు బోలెడు.

కొలవడం కష్టమేం కాదు. ఫ్రిజ్‌ కోసమే తయారుచేసే చిన్న థర్మామీటర్లు దొరుకుతాయి. మధ్య అరలో గ్లాసు నీళ్లు పెట్టి అందులో దాన్ని రాత్రంతా ఉంచి పొద్దున్నే తలుపు తీయగానే చూడండి. 5 కన్నా ఎక్కువుంటే నాబ్‌ తిప్పాల్సిందే. జ్వరం చూసేది మాత్రం దీనికి పనికిరాదు.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు వదులైతే చల్లదనం నిలవదు. తలుపు సందులో ఓ కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. ఫ్రీజర్‌ గోడలకి మంచు మందంగా పేరుకున్నా, అరల్లో గిన్నెలు కిక్కిరిసినా చల్లగాలి తిరగదు. అన్నిటికన్నా వెచ్చగా ఉండేది తలుపు అరలే. పాలు అక్కడ పెట్టకూడదు. పచ్చి మాంసం, చేపల్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో, వండిన వాటికి కింద ఉంచాలి. పైన పెడితే ఆ నీరు కారి వండిన కూరలో పడుతుంది.

కరెంటు పోతే? తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్‌ 48 గంటలు, సగం నిండింది 24 గంటలు ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్రిజ్‌ వట్టి బీరువాయే. నాలుగు గంటలు దాటాక వండిన కూరలు, పాలు, మాంసం, చేపలు దాచుకోవడానికి చూడొద్దు. ఊరగాయలు, బెల్లం, నెయ్యి లాంటి వాటికి భయం లేదు.

సంక్రాంతికి సొంతూరు వెళ్లేవాళ్లకో చిట్కా. ఓ చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. వచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే సరే. గ్లాసు అడుగుకి చేరిందంటే మీరు లేనప్పుడు చాలాసేపు కరెంటు పోయి మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడిక ఫ్రీజర్‌ ఖాళీ చేయాల్సిందే.

ఎవరి పళ్లెంలోకి?

మిగిలింది ఎవరు తింటారు? దాదాపు ప్రతి ఇంట్లోనూ జవాబు ఒకటే. పిల్లలకి వేడివేడిగా వడ్డిస్తారు. డ్యూటీకెళ్లే ఆయనకి తాజాగా క్యారేజీ కడతారు. రెండు రోజుల నాటి పప్పు, మొన్నటి వేపుడు మాత్రం అమ్మ పళ్లెంలోకో అత్తగారి పళ్లెంలోకో వెళ్తాయి. ‘నాకేం కాదులే, పారేయడమెందుకు’ అనే మాట మనందరం విన్నదే.

వైద్యశాస్త్రం లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. మిగిలింది తినేటప్పుడు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది గర్భిణులు, వృద్ధులు, పసిపిల్లలు, మధుమేహం, క్యాన్సర్‌, కిడ్నీ జబ్బులున్నవాళ్లు. ముఖ్యంగా గర్భిణులు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా మిగతావాటిలా చలికి ముడుచుకుపోదు. ఫ్రిజ్‌లో కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. గడువు విషయంలో అన్ని దేశాలూ అంత పట్టుదలగా ఉండటానికి ముఖ్యకారణాల్లో ఇదొకటి. మామూలువాళ్లతో పోలిస్తే గర్భిణులకి ఇది సోకే ప్రమాదం సుమారు పది రెట్లు. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లునొప్పులే ఉండొచ్చు. కడుపులో బిడ్డకి మాత్రం ప్రాణాంతకం. లక్షణాలు కనిపించడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి ఎప్పుడు తిన్న ఏ కూరో ఎవరికీ గుర్తుండదు. దక్షిణాఫ్రికాలో 2017, 2018ల్లో పోలనీ అనే చల్లటి మాంసపు పదార్థం ద్వారా లిస్టీరియా వెయ్యిమందికి పైగా సోకింది. 200 మందికి పైగా చనిపోయారు. వారిలో పసికందులే ఎక్కువ.

కాబట్టి ఇంట్లో ఎవరైనా నీళ్లోసుకుని ఉంటే నిన్నటి కూర ఆమె పళ్లెంలోకి వెళ్లకూడదు. తప్పనిసరైతే సెగలు కక్కేలా మరిగించాకే. అసలు మిగిలింది అమ్మ ఒక్కతే తినాలన్న నియమం ఎవరు పెట్టారు? గడువు లోపల ఉంటే అందరూ పంచుకోవచ్చు. గడువు దాటితే ఎవరూ తినకూడదు.

పారేయడానికి మనసొప్పదు

అన్నం పరబ్రహ్మ స్వరూపమని నమ్మే ఇళ్లు మనవి. పైగా బియ్యం, పప్పుల ధరలు చూస్తూ గిన్నెడు పప్పు పారబోయాలంటే ప్రాణం విలవిల్లాడుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఒక్కో మనిషి వాటాగా ఏడాదికి సగటున 79 కిలోల ఆహారం ఇళ్లలో వృథా అవుతోంది. మనదేశంలో అది 55 కిలోలు. సగటు కన్నా తక్కువే. మన పెద్దలు నేర్పిన పొదుపు అందులో ఉంది.

ఆ పెద్దలకి ఫ్రిజ్‌ లేదు. అయినా మిగిలిన అన్నాన్ని వాళ్లు ఊరికే వదిలేయలేదు. నీళ్లో, గంజో, మజ్జిగో పోసి పులియబెట్టారు. చద్దన్నం, తరవాణి అలా వచ్చినవే. పులిసేటప్పుడు మేలు చేసే బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ పులుపులో చాలా చెడ్డ బ్యాక్టీరియా బతకడం కష్టం. ఆవకాయ ఏడాది నిలవుండటానికి ఉప్పు, పులుపు, నూనె కాపలా. ఎండుచేపలకి ఉప్పు, ఎండ. ప్రతి పదార్థానికీ ఓ రక్షణ ఏర్పాటు చేశాకే దాచారు. పొడి అన్నాన్ని కుక్కర్లో రాత్రంతా వదిలేసి ‘చద్దన్నం మంచిదేగా’ అనుకోవడం వేరు. అక్కడ పులుపూ లేదు, ఉప్పూ లేదు.

వృథా తగ్గించాలంటే గడువు దాటింది తినడం దారి కాదు. గడువు లోపలే అయిపోయేలా వండుకోవడం దారి. సి షిఫ్టు ఉన్న వారం ఇంట్లో ఎవరు ఏ పూట తింటారో చూసి బియ్యం కొలవండి. అన్నం మిగలకుండా చూసుకోండి, దాచాల్సొస్తే కూరలు దాచండి. కావలసినంతే బయటికి తీసి, మధ్యభాగం కూడా పొగలు కక్కేలా, సుమారు 74 డిగ్రీల దాకా వేడి చేయండి. గ్రేవీ అయితే తెర్లాలి. మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో ఓసారి కలపాలి. ఒకసారి వేడి చేసింది మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు.

తేడా చేస్తే...

తిన్న కొద్దిగంటల్లోనే వాంతులు, ఆ తర్వాత విరేచనాలు మొదలైతే ముందు ఒంట్లో నీరు తగ్గకుండా చూడాలి. ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్‌ని దానిమీద రాసిన కొలత ప్రకారం నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. విరేచనంలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం రాకపోవడం, మగతగా ఉండటం, వాంతులు ఆగకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో అంతదాకా కూడా ఆగొద్దు. అత్యవసరమైతే 108.

ఓ చీటీ చాలు

ఇంత లెక్కా గుర్తుపెట్టుకోవడమెలా? దీనికి మార్గం మన పక్కనే ఉంది. కేరళలో హోటళ్లు ఇచ్చే పార్శిళ్ల మీద తయారైన సమయం, ఎప్పటిలోగా తినాలన్నది రాసిన స్టిక్కర్‌ తప్పనిసరి చేస్తూ 2023 జనవరిలో ఆ రాష్ట్ర ఆహార భద్రతా విభాగం ఆదేశాలిచ్చింది. అదే పని మన వంటింట్లో మనమూ చేసుకోవచ్చు. డబ్బా మూత మీద చిన్న కాగితం ముక్క అంటించి ‘ఆదివారం మధ్యాహ్నం’ అని రాస్తే చాలు. పిల్లల పాత నోటుపుస్తకం, కాస్త టేపు ఉంటే సరిపోతుంది. రాసే పని పిల్లలకే అప్పగిస్తే సరదాగా చేస్తారు.

ఆ చీటీ ఉంటే ‘ఇది ఎప్పటిదమ్మా’ అని ఎవరూ అడగక్కర్లేదు. ముందు వండింది ముందు బయటికొస్తుంది కాబట్టి పారేసేదీ తగ్గుతుంది. రాత్రి పదిన్నరకి డ్యూటీ దిగి వచ్చినాయన ఫ్రిజ్‌ తీసినా, పొద్దున్నే కాలేజీకెళ్లే అమ్మాయి తీసినా ఏది తినాలో, ఏది వదిలేయాలో వాళ్లకే తెలుస్తుంది. తేదీ దాటిన డబ్బాని ‘నేను తినేస్తాలే’ అంటూ అమ్మ తీసుకోబోతే ఆపడానికీ ఇంట్లో అందరికీ ఓ ఆధారం దొరుకుతుంది.